మీకు తెలుసా? కొండ గట్టు మీద గద్దల లెక్క!

ఒక కొండ. కొండ గట్టు మీద ఒక బండ. ఆ బండ మీద ఒక మనిషి. మెడలో బైనాక్యులర్, పక్కన నీళ్ల సీసా, గుప్పిట్లో టిక్ టిక్‌మనే చిన్న లెక్కల యంత్రం. పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే దాకా ఆయన చేసే పని ఒక్కటే. గద్దల్ని లెక్కపెట్టడం! ఎన్నుంటాయిలే, మహా అయితే పదో పాతికో అనుకుంటున్నారా? 1985 వసంతంలో ఇజ్రాయెల్‌లోని ఐలాత్ కొండల మీద తేలిన లెక్క ఎంతో చెప్పనా? దాదాపు 12 లక్షలు!

మరోసారి చదవండి. 12 లక్షల గద్దలు, డేగలు! 2011 జనాభా లెక్కల్లో మన విజయవాడ నగరంలో ఉన్న మనుషులే 10 లక్షల పైచిలుకు. అంటే బెజవాడ బెజవాడంతా రెక్కలు కట్టుకుని ఒకే కొండ మీంచి ఎగిరిపోయినట్టు! అందులో పసిపిల్లల్నీ ముసలివాళ్లనీ వదలకుండా లెక్క రాసుకున్నట్టు!

ఇంకో తమాషా చూడండి. ఆ కొండ మీద పక్షుల రాకకి మన పంచాంగం భలే సరిపోతుంది! మనం శివరాత్రి జాగారం చేసే రోజుల్లో ముందుగా స్టెపీ గద్దలు వస్తాయి. మామూలు గద్దలనుకునేరు! రెక్కలు చాపితే మన ఇంటి గుమ్మంలో పట్టవు. అలాంటివి 1985లో ఆ ఒక్కచోటే 75 వేలు దాటాయి!

మనం ఉగాది పచ్చడి తినే వేళకి స్టెపీ బజర్డ్‌ల వంతు. ఇవి కాస్త చిన్నవి, కానీ వరస చూస్తే తెగదు! ఆఫ్రికాలో చలికాలం గడిపి రష్యా వైపు పోతుంటాయి. 1986 వసంతంలో వీటి లెక్క 4 లక్షల 60 వేలు దాటింది!

ఏప్రిల్ చివర, బంగినపల్లి మార్కెట్లోకి దిగే వారం. లెవాంట్ డేగలు! డేగ అంటే ఒంటరి పక్షి కదా? ఇవి మాత్రం తేనెటీగల్లా ముద్దకట్టి వస్తాయి. ఏడాదంతా ఎక్కడెక్కడో ఉన్నవి, రెండు వారాల్లో గుంపంతా ఇటుగా దాటేస్తుంది. ఓ వారం ఆలస్యంగా కొండెక్కారా, అంతే సంగతులు! 1987లో ఓపిగ్గా కూర్చున్నవాళ్లకి దాదాపు 50 వేలు కనిపించాయి!

ఇక మే మొదటి వారం. మన ఇళ్లలో ఆవకాయ జాడీలు కడిగి ఎండబెట్టే రోజులు. అప్పుడొస్తుంది అసలు వరద! తేనెగద్దల వరద! కొన్ని రోజుల్లోనే ఆకాశం నిండిపోతుంది. 1985లో ఒక్క తేనెగద్దలే ఎన్నో తెలుసా? 8 లక్షల 50 వేలు!

ఇంతకీ తేనెగద్ద తినేదేమిటి? కందిరీగల పిల్లల్ని! తుట్టెని కాళ్లతో పెళ్లగించి, మూతి లోపలికి పెట్టేస్తుంది. మరి కందిరీగలు ఊరుకుంటాయా? ఊరుకోవు. కానీ కుట్టడానికి చోటుండదు! దాని మొహం మీద ఈకలు చేప పొలుసుల్లా దట్టంగా పేర్చి ఉంటాయి. పుట్టుకతోనే హెల్మెట్! ఇంతా చేసి ఈ పక్షి బరువెంతో తెలుసా? చాలావాటికి కిలో కూడా ఉండదు!

అంత చిన్న పక్షి ఆఫ్రికా నుంచి యూరప్ దాకా రెక్కలాడిస్తూ పోతుందా? అదే రహస్యం. ఆడించదు! మిట్టమధ్యాహ్నం మేడ మీద వడియాలు ఎండబెట్టి, కాకుల్ని తోలుతూ కూర్చున్నప్పుడు ఒక్కసారి తల పైకెత్తండి. గద్దలు గిరగిరా తిరుగుతూ పైకి పోతుంటాయి. రెక్క కదలదు! నేల కాగి, వేడిగాలి బుగ్గలా పైకి లేస్తుంది. దాని మీద కూర్చుని లిఫ్టులో పోయినట్టు పోతాయి. పైకి చేరాక రెక్కలు కాస్త ముడిచి జారుడుబల్ల! ఒక్క కిలోమీటరు ఎత్తు ఎక్కితే చాలు, పైసా ఖర్చు లేకుండా పది కిలోమీటర్ల దాకా జారిపోవచ్చు!

కొండ గట్టు దగ్గర ఇంకో సౌకర్యం. గాలి వచ్చి కొండకి కొట్టుకుని పైకి తిరుగుతుంది. ఆ గాలి మీద గద్ద అలా ఆనుకుని, గట్టు పొడుగునా పోతూనే ఉంటుంది. అందుకే లెక్కపెట్టేవాళ్లు కొండే ఎక్కుతారు. అక్కడైతే గద్ద ఒక్కోసారి మనకన్నా కిందుగా పోతుంది! దాని వీపు కనిపిస్తుంది! వంద అడుగుల కింద, ఎండ పడి మెరిసే గోధుమరంగు వీపు!

మరి సముద్రం మీద? అక్కడ ఈ లిఫ్టులు పనిచేయవు! నీళ్లు నేలలా కాగవు. వేడిగాలి లేవదు. పెద్ద రెక్కల పక్షికి సముద్రం అంటే చచ్చేంత భయం. అందుకే ఎక్కడ నీళ్లు సన్నగా ఉంటే అక్కడికే పరుగు. ఆఫ్రికాకీ యూరప్‌కీ మధ్య జిబ్రాల్టర్ దగ్గర ఉన్న నీళ్లెంతో తెలుసా? 14 కిలోమీటర్లే! వసంతంలో గద్దలు అక్కడ క్యూ కడతాయి!

ఇటలీ పాముల గద్దల కథ వింటే నోరెళ్లబెడతారు! చలికాలం ఆఫ్రికాలో ఉంటాయి. వసంతంలో ఇటలీకి తిరిగి రావాలి. ట్యునీషియా నుంచి సిసిలీకి సముద్రం మీద సూటిగా వస్తే దాదాపు 150 కిలోమీటర్లు. రావు! జిబ్రాల్టర్ దాకా పోయి, స్పెయిన్ ఎక్కి, ఫ్రాన్స్ చుట్టి, జెనోవా దగ్గర ఇటలీలోకి దూరి, అక్కడి నుంచి మళ్లీ దక్షిణానికి దిగుతాయి. మిగతా పక్షులన్నీ ఉత్తరానికి పోతుంటే ఇవి ఎదురు నడక! మార్చిలో జెనోవా దగ్గరి ఆరెంజానో కొండల మీద కూర్చుని లెక్కపెట్టేవాళ్లు చూసేది ఈ వింతనే!

సరే, లెక్క ఎలా పెడతారు? ఇది వినండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. గుంపు గిరగిరా తిరుగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు! పెడితే ఒకే పక్షి నాలుగుసార్లు లెక్కలో పడుతుంది. ఓపిక పట్టాలి. సుడి పైకి, పైకి, ఇంకా పైకి పోతుంది. చివరంచుకి చేరగానే ఒక్కో పక్షీ సుడి వదిలి ముందుకి జారుతుంది. ఒకదాని వెనక ఒకటి, చీమల బారులా! ఆ బారుని లెక్కపెట్టాలి. ఎదురుగా ఒక చెట్టు కొనో, స్తంభమో గుర్తు పెట్టుకుంటారు. అది దాటిందా, టిక్! ఇంకోటి దాటిందా, టిక్! ఒక్క పక్షికి ఒక్కటే టిక్!

వేలకొద్దీ వచ్చిపడితే? అప్పుడు మన రైతులు వడ్లు కొలిచిన పద్ధతే! గింజలు లెక్కపెట్టం కదా, కుంచంతో కొలుస్తాం. వీళ్లూ అంతే. ముందు పది పక్షుల్ని విడిగా లెక్కపెడతారు. ఆ పది ఆకాశంలో ఎంత మేర పట్టిందో కంటితో పట్టుకుంటారు. ఇక ఆ మేరే కుంచం! దాంతో బారంతా కొలుచుకుంటూ పోతారు. అప్పుడు ఒక్క టిక్ అంటే పది!

ఏ రోజు లెక్క కష్టమో చెప్పండి చూద్దాం. మబ్బు పట్టిన రోజా? కానే కాదు! మబ్బు లేని నీలాకాశం ఉన్న రోజు! తెల్ల మబ్బు మీద గద్ద నల్ల చుక్కలా ఇట్టే దొరికిపోతుంది. ఉత్త నీలంలో అయితే కిలోమీటరు పైన కరిగిపోతుంది. కన్ను దేని మీదా నిలవదు. అందుకే ఎంత పెద్ద ఆకాశం ఉన్నా, ముందు చిన్న మబ్బు తునక కోసం వెతుక్కుంటారు!

ఇంకో చిట్కా చెప్పనా? గుడ్లగూబ బొమ్మ! అమెరికాలోని పెన్సిల్వేనియాలో హాక్ మౌంటెన్ అని ఓ కొండ ఉంది. 1,500 అడుగుల పైచిలుకు ఎత్తు. అక్కడ ఓ కర్ర చివర ప్లాస్టిక్ గుడ్లగూబని నిలబెడతారు. డేగలకి గుడ్లగూబంటే ఒళ్లుమంట. దూరంగా పోయే డేగ కూడా దాన్ని చూసి దారి మళ్లి, సర్రున మీదికి దూసుకొస్తుంది. మనుషుల తలల మీంచే! అంత దగ్గర నుంచి చూస్తే ఏ జాతో ఇట్టే చెప్పొచ్చు!

మనం గద్దని చూడ్డానికి బైనాక్యులర్ కావాలి. గద్దకి? దాని కళ్లే బైనాక్యులర్! మన కంట్లో చూపు అన్నిటికన్నా పదునుగా ఉండే చోటు ఒక్కటే. గద్దకి ఒక్కో కంట్లో రెండు! ఒకటి ముందుకి, ఒకటి పక్కకి. 'గద్ద చూపు' అని మన పెద్దలు ఊరికే అనలేదు!

ఒక్క పక్షీ రాని రోజు ఏం చేస్తారో తెలుసా? సున్నా రాస్తారు! వాన, పొగమంచు, ఎదురుగాలి. ఎనిమిది గంటలు బండ మీద కూర్చుని, గంట గంటకీ ఒక సున్నా. ఆ సున్నాలు లేకపోతే లెక్కే చెల్లదు!

ఇప్పుడు గుండె చిక్కబట్టుకుని చదవండి. ఇటలీలో మెస్సీనా జలసంధి. వెడల్పు 3 కిలోమీటర్లు. వసంతంలో తేనెగద్దలు సిసిలీ నుంచి అక్కడ సముద్రం దాటుతాయి. ఆ కొండల మీద తరతరాలుగా మగవాళ్లు తుపాకులు పట్టుకుని కాచుకునేవాళ్లు. ఎందుకు? ఆ ఏడు ఒక్క తేనెగద్దనైనా కొట్టని మగాడికి పెళ్లాం ద్రోహం చేస్తుందని నమ్మకం! ఆ నమ్మకానికి బలైన పక్షులు ప్రతి వసంతంలోనూ వేలల్లో!

ఆ తుపాకుల మధ్యకి ఒక అమ్మాయి వచ్చింది. పేరు అన్నా జోర్దానో. మెస్సీనా పిల్లే. 1981లో మొదలుపెట్టింది. అప్పుడు వయసెంతో ఊహించండి. 15 ఏళ్లు!

ఆ అమ్మాయి కొండ మీద రెండు లెక్కలు రాసుకునేది! ఒకటి దాటిపోయిన పక్షులది. రెండోది వినిపించిన తుపాకీ పేలుళ్లది! 1984 వసంతంలో ఆ రెండో లెక్క వెయ్యి దాటింది. ఒక్కో టిక్‌కీ ఒక ఢాం! చెవుల్లో ఆ మోత పడుతుంటే పెన్సిల్ ఆపకుండా రాసిన చెయ్యి ఎలాంటిదో!

వేటగాళ్లు ఊరుకున్నారా? 1986లో ఆమె కారు తగలబెట్టారు. చచ్చిన పక్షిని ఇంటికి పంపి బెదిరించారు. ఆమె మళ్లీ కొండెక్కింది! మరుసటేడూ ఎక్కింది. ఏటా ఎక్కుతూనే ఉంది. మోతలు తగ్గుతూ తగ్గుతూ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నికి వచ్చాయి! 1998లో ఆమెకి ప్రపంచ ప్రసిద్ధమైన గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది.

ఇందాక గుడ్లగూబ బొమ్మ ఉన్న కొండ చెప్పాను కదా, అదీ ఒకప్పుడు వేట కొండే! చచ్చిన డేగల్ని నేల మీద వరసగా పేర్చిన ఫొటోలు రోజలీ ఎడ్జ్ అనే న్యూయార్క్ మహిళ కంటపడ్డాయి. ఆ ప్రాంతంలో గాస్‌హాక్ అనే పెద్ద డేగని చంపితే ప్రభుత్వమే 5 డాలర్లు ఇచ్చేది! ఆమె వాదనలు పెట్టుకోలేదు. కొండనే లీజుకి తీసుకుంది! 1934లో, ఏకంగా 1,400 ఎకరాలు! కాపలాకి మారిస్ బ్రౌన్ అనే యువకుణ్ణి పెట్టింది. ఆయన భార్య ఇర్మా గేటు దగ్గర కూర్చుని, తుపాకీతో వచ్చినవాళ్లని వచ్చిన దారినే పంపేది!

మారిస్ బ్రౌన్ ఏటా రాసుకున్న ఆ లెక్కల్లో ఒక పిడుగు దాగుంది! బాల్డ్ ఈగిల్ అనే తెల్లతల గద్దలు వస్తున్నాయి. కానీ పిల్ల గద్దలేవి? 1957లో 32 పెద్ద గద్దలకి ఒక్కటంటే ఒక్క పిల్ల! పురుగుమందుల మీద పుస్తకం రాస్తున్న రేచల్ కార్సన్ ఆ అంకెని పట్టుకుంది. 1962లో వచ్చిన ఆ పుస్తకమే 'సైలెంట్ స్ప్రింగ్'!

1963లో అలాస్కా పక్కన పెడితే, అమెరికా ప్రధాన భూభాగంలో మిగిలిన తెల్లతల గద్దల జంటలు ఎన్నో తెలుసా? తెలిసినంతవరకు 417! తర్వాత గుడ్ల పెంకుల్ని పల్చన చేసే డీడీటీ అనే పురుగుమందు ఆగింది. గుడ్లు మళ్లీ గట్టిపడ్డాయి. పిల్లలు మళ్లీ ఆ కొండ మీంచి ఎగిరాయి. ఇప్పుడు జంటలు 70 వేల పైనే! ఈ వాక్యం రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది!

తైవాన్ పోదామా? అక్కడ చాంగ్‌హువా దగ్గర బాగువా కొండ. కొండ మీద పెద్ద బుద్ధుడి విగ్రహం. మార్చిలో బూడిద మొహం గద్దలు దక్షిణం నుంచి వచ్చి ఆ గట్టు మీద రాత్రి నిద్ర చేస్తాయి. పెద్దల సమాధులు శుభ్రం చేసుకునే పండగ రోజుల్లో వస్తాయి కాబట్టి, అక్కడివాళ్లు వీటిని సమాధుల పండగ పక్షులంటారు. వేట జోరుగా సాగిన కాలంలో పుట్టిన సామెత వింటే కడుపు తరుక్కుపోతుంది: పదివేలు వస్తే తొమ్మిదివేలు చచ్చాయి! ఇప్పుడో? అదే కొండ మీద జనం బైనాక్యులర్లతో వచ్చి ఈ గద్దలకి ఉత్సవం చేస్తున్నారు!

మలేషియాలో మన తెలుగువాళ్లు తరాలుగా ఉన్నారు కదా. వాళ్లకి దగ్గర్లోనే ఓ అద్భుతం! తంజుంగ్ తువాన్ అనే లైట్‌హౌస్ కొండ. మార్చిలో సుమత్రా నుంచి తేనెగద్దలు మలక్కా జలసంధి దాటి అక్కడే నేల తాకుతాయి. మధ్యలో నీళ్లు 38 కిలోమీటర్లు. వేడిగాలి లేదు, అంతా రెక్కల కష్టమే! ఒడ్డుకి చేరేసరికి అలసిపోయి, చెట్ల తలల మీదుగా, మన తలల మీదుగా కిందకి వచ్చేస్తాయి. రెక్కల చప్పుడు చెవికి వినిపిస్తుంది!

జపాన్ తేనెగద్దలైతే మరీ విడ్డూరం! ఉపగ్రహ పరికరాలు కట్టి చూస్తే తేలింది. ఇండోనేషియా దాకా దాదాపు 10 వేల కిలోమీటర్లు పోతాయి. వెళ్లిన దారిన రావు! శరత్తులో సముద్రం మీద అడ్డంగా పోయినవి, వసంతంలో నేల పట్టుకుని, దారిలో వారాల తరబడి మకాం వేసి, కొరియా వైపు నుంచి తిరిగి ఇల్లు చేరతాయి!

గద్దల లెక్క విమానాల్ని కాపాడిందంటే నమ్ముతారా? ఇజ్రాయెల్ యుద్ధవిమానాలు వలస పక్షుల్ని గుద్దుకుని కూలిపోయేవి. యోసి లెషెం అనే శాస్త్రవేత్త మోటారు గ్లైడర్‌లో గద్దల గుంపుల్లో కలిసి ఎగిరాడు! ఏ వారం, ఏ గంట, ఎంత ఎత్తు, అన్నీ రాసుకున్నాడు. ఆ వేళల్లో ఆ దారి పక్షులకి వదిలేశారు. ప్రమాదాలు ఎంత తగ్గాయో తెలుసా? 76 శాతం!

ఇది చదివి పక్కవాళ్లకి చెప్పకుండా ఉండలేరు! రష్యా శాస్త్రవేత్తలు స్టెపీ గద్దలకి సిమ్ కార్డున్న పరికరాలు కట్టారు. గద్ద ఎక్కడుందో ఎస్సెమ్మెస్ వస్తుంది. 2019లో 'మిన్' అనే గద్ద ఎండాకాలమంతా సిగ్నల్ లేని కజకిస్తాన్ మైదానంలో తిరిగింది. మెసేజ్‌లు పేరుకుపోయాయి. తర్వాత నేరుగా ఇరాన్‌లో దిగింది. అక్కడ సిగ్నల్ తగిలింది. అన్నీ ఒక్కసారిగా! రోమింగ్! ఒక్కో మెసేజ్‌కి 49 రూబుళ్లు! బడ్జెట్ అంతా ఊడ్చుకుపోయింది. జనం చందాలేసుకుని గద్ద ఫోన్‌కి రీచార్జ్ చేయించారు!

అదే స్టెపీ గద్దలు మన దేశంలోనూ ఉన్నాయి! హిమాచల్‌లోని ధర్మశాల దగ్గర, మంచుకొండల గోడ వెంబడి పోతాయి. 2002 వసంతంలో అక్కడ కూర్చుని లెక్కపెడితే వేలల్లో తేలాయి. అప్పటిదాకా ఆ కొండ కింద టీ తాగుతూ ఎంతమంది తల ఎత్తకుండా పోయారో!

మన నెత్తిమీంచే పోయే వీరుడు ఒకడున్నాడు! అమూర్ డేగ. మన గుప్పిట్లో పట్టేంత చిన్నది. 2013 నవంబరులో నాగాలాండ్‌లో పరికరం కట్టి వదిలితే, బంగాళాఖాతం దాటి, మన ఆంధ్ర మీదుగా పోయి, అరేబియా సముద్రం కూడా దాటేసింది. ఎక్కడా ఆగలేదు! అయిదున్నర రోజుల్లో 5,600 కిలోమీటర్లు! ఆ రాత్రి మన కోస్తాలో ఎవరో ఆరుబయట మంచం మీద పడుకుని చుక్కలు చూస్తుండే ఉంటారు. పైన అది పోతోంది!

చివరగా మన రోళ్లపాడు. నంద్యాల జిల్లా. 614 హెక్టార్ల గడ్డిమైదానం. చలికాలం సాయంత్రం అక్కడ నిలబడితే, మధ్య ఆసియా నుంచి వచ్చిన పిల్లిగద్దలు గడ్డి మీదుగా తేలుతూ ఒక్కొక్కటే దిగుతాయి. చెట్టెక్కవు. నేల మీదే పడుకుంటాయి! మోకాలెత్తు గడ్డిలో, గుంపుగా, పక్కపక్కనే! చీకటి పడే ముందు ఓ అరగంట, వాలుతున్న ప్రతి పక్షికీ ఒక టిక్. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఒక్కొక్కటే లేచి ఉత్తరానికి పోతాయి. గడ్డిలో అవి పడుకున్న గుంటలు మాత్రం అలాగే ఉంటాయి.